ఆమ్‌స్టర్‌డామ్‌ని ఫ్రెండ్స్‌తో సైకిల్ మీద చుట్టేయాలంటే: మొదటి నుంచి చివరిదాకా

"అన్నా, వచ్చే నెల ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్నాం, ఆరుగురం, సైకిళ్ళు తీస్కోవాలా వద్దా, డేంజరా?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కే లేదు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా వాయిస్ మెసేజులు పెట్టే ఓపిక అయిపోయింది, అందుకే మొత్తం ఒకేచోట రాసేస్తున్నా, ఇకనుంచి ఎవరడిగినా ఇదే పంపిస్తా.

ముందే ఒక మాట. అక్కడ తొక్కడం పెద్ద విద్యేం కాదు, ఊరంతా చదును, సైకిళ్ళకి దారి కూడా వేరే ఉంటుంది. కష్టమంతా ఆగడంలోనే. ఎక్కడ ఆగాలి, ఎలా ఆగాలి, ఆగుతున్నామని వెనకోళ్ళకి ఎలా చెప్పాలి. మనవాళ్ళ గ్యాంగులు కిందపడేదీ, తప్పిపోయేదీ, లోకల్ వాళ్ళతో తిట్లు తినేదీ దాదాపు ప్రతిసారీ ఇక్కడే. కాబట్టి కింద ఏ సెక్షన్ చూసినా ఈ ఆగడం గొడవే తిరిగి తిరిగి వస్తుంది, విసుక్కోకండి.

1. ఎంతమంది, ఎప్పుడు

నలుగురైతే బెస్ట్. ఆరుగురు దాకా లాగొచ్చు. ఎనిమిది మందైతే దయచేసి రెండు గ్రూపులుగా విడిపోండి, లేకపోతే ప్రతి సిగ్నల్ దగ్గరా సగంమంది అటు సగంమంది ఇటు, రోజంతా ఒకళ్ళనొకళ్ళు వెతుక్కోడంతోనే సరి.

టికెట్లు బుక్ చేసేముందే గ్రూపులో ఒక ప్రశ్న వేయండి: "ఆఖరిసారి సైకిల్ ఎప్పుడు తొక్కావ్?" "వచ్చు" అన్న సమాధానం ఒప్పుకోవద్దు, ఏ సంవత్సరమో చెప్పాలి. టెన్త్‌లో ట్యూషన్‌కి తొక్కినోడు పదిహేనేళ్ళ తర్వాత తొక్కుతా అంటే పర్లేదు, బాడీ మర్చిపోదు. కానీ అసలు రానివాళ్ళు ఆమ్‌స్టర్‌డామ్‌లో నేర్చుకోకూడదు, వాళ్ళు ట్రామ్‌లో వచ్చి మిమ్మల్ని ఒకచోట కలుస్తారు, అందులో నామోషీ ఏం లేదు.

మే నుంచి సెప్టెంబర్ దాకా బావుంటుంది. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుగే, డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి. ఏప్రిల్ 27 కింగ్స్ డే, ఆరోజు ఊళ్ళో కాలు పెట్టే సందుండదు, సైకిల్ సంగతి మర్చిపోండి.

2. ఇంటిదగ్గరే సర్దుకోవాల్సినవి

- రెయిన్ జాకెట్. సైకిల్ మీద గొడుగు పనికిరాదు, గాలికి తిరగబడుతుంది.
- పల్చటి గ్లవ్స్, మే నెలలో పొద్దున పూట కూడా వేళ్ళు కొంకర్లు పోతాయి.
- భుజాలకి రెండువైపులా తగిలించుకునే చిన్న బ్యాగ్. హ్యాండిల్‌కి సంచి వేలాడదీయొద్దు, ముందు చక్రంలో ఇరుక్కుంటే మనిషి పల్టీ కొట్టడమే.
- హ్యాండిల్‌కి బిగించే ఫోన్ హోల్డర్ ఒక్కటి, అది ముందు నడిపేవాళ్ళకి.
- పవర్ బ్యాంక్, ఆఫ్‌లైన్ మ్యాప్.
- రంగు రిబ్బన్ లేదా లావు పసుపు దారం. ఎందుకో తాళాల సెక్షన్‌లో చెప్తా.
- కాంటాక్ట్‌లెస్ కార్డు. క్యాష్ అసలు తీస్కోని షాపులు చాలా ఉన్నాయి.
- ట్రావెల్ ఇన్సూరెన్స్ పేపర్. ఇండియా నుంచి షెంగెన్ వీసా మీద వచ్చేవాళ్ళకి 30,000 యూరోల కవర్ ఎలాగూ ఉంటుంది, కానీ మనవల్ల ఎదుటివాళ్ళకి దెబ్బ తగిలితే అందులో వస్తుందా రాదా ఒకసారి చదివి పెట్టుకోండి.

అమ్మాయిలకి ఒక మాట, చున్నీ వేస్కుంటే నడుముకి గట్టిగా ముడేసేయండి. పొడుగు కోట్లకి, స్కార్ఫులకి కూడా ఇదే రూలు. మామూలు సైకిళ్ళకి హెల్మెట్ కంపల్సరీ కాదక్కడ, లోకల్స్‌లో పెట్టుకునేవాళ్ళు చాలా తక్కువ, కానీ ఏళ్ళ తర్వాత తొక్కేవాళ్ళు మాత్రం షాపులో అడిగి తీస్కోండి, ఎవరేమనుకుంటారోనని ఆగకండి.

మ్యూజియం టికెట్లు కూడా ఇంటిదగ్గరే చూస్కోండి. ఆన్ ఫ్రాంక్ హౌస్, వాన్ గో మ్యూజియం రెండూ ఆన్‌లైన్ టికెట్లే, టైమ్ స్లాట్ ప్రకారమే లోపలికి పంపిస్తారు. సైకిల్ తొక్కే రోజున మధ్యాహ్నం రెండింటికి స్లాట్ పెట్టుకున్నారంటే ఆరోజంతా గడియారం చూస్తూ తొక్కడమే. ఒకరోజు మ్యూజియాలకి, ఒకరోజు సైకిల్‌కి, కలపకండి.

3. సైకిల్ అద్దెకి తీస్కునేప్పుడు

రోజుకి మామూలుగా 10 నుంచి 20 యూరోల మధ్య ఉంటుంది, ఎలక్ట్రిక్ అయితే ఇంకా ఎక్కువ. వీకెండ్‌లో ఆరు సైకిళ్ళు ఒకేసారి దొరకవు, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేయండి. స్టేషన్లలో కనిపించే నీలం పసుపు ఓవీ ఫీట్స్ సైకిళ్ళు చవక గానీ అవి డచ్ పర్సనల్ ట్రాన్స్‌పోర్ట్ కార్డు ఉన్నవాళ్ళకే, అక్కడే ఉంటున్న ఫ్రెండ్ ఎవరన్నా ఉంటే అడగండి.

షాపు సెంట్రల్ స్టేషన్ పక్కన, డామ్ స్క్వేర్ పక్కన వద్దు. షాపు బయటికి రాగానే ట్రామ్ పట్టాలు, టూరిస్టులు, ట్యాక్సీలు, పదిహేనేళ్ళ తర్వాత సైకిల్ ఎక్కినవాడికి అది నరకం. వోండెల్‌పార్క్ దగ్గర్లో తీస్కోండి, షాపులోంచి నడిపించుకుంటూ పార్కులోకి పోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం, బ్రేకు. అక్కడ చాలా సైకిళ్ళకి చేతి బ్రేకు ఉండదు, పెడల్ వెనక్కి తొక్కితే వెనక చక్రం ఆగుతుంది. మనకేమో పెడల్‌ని ఊరికే వెనక్కి తిప్పే అలవాటు, చిన్నప్పట్నుంచి కటకటా అని సౌండ్ వస్తుందని తిప్పినవాళ్ళమే కదా. మా గ్యాంగులో ఒకడు పార్కులో స్టైల్‌గా పెడల్ వెనక్కి తిప్పాడు, సైకిల్ ఉన్నచోటే నిలబడింది, వాడు హ్యాండిల్ మీదకొచ్చాడు, వెనకున్న నేను వాడి మీదకి. కాబట్టి "చేతి బ్రేకులున్నది కావాలి" అని అడగండి, ఒకట్రెండు యూరోలు ఎక్కువైనా ఇవ్వండి. కనీసం ముందు చక్రానికైనా చేతి బ్రేకు ఉండాలి, ఎందుకంటే కాలి బ్రేకు సైకిల్‌కి చైన్ ఊడితే బ్రేకే ఉండదు.

రెండోది ఎత్తు. డచ్ వాళ్ళు పొడుగు మనుషులు, సైకిళ్ళు కూడా అలాగే. ఐదడుగుల రెండంగుళాల మనిషికి వాళ్ళ మామూలు సైజు గుర్రమెక్కినట్టే. మధ్యలో అడ్డ కడ్డీ లేని సైకిల్ అడగండి, మగాళ్ళు కూడా, అక్కడ దాన్ని ఎవరూ లేడీస్ సైకిల్ అని నవ్వరు. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళ మునివేళ్ళూ నేలకి తగలాలి. మోకాలు పూర్తిగా చాపేలా పెట్టుకోడం కరెక్ట్ అని జిమ్ ఫ్రెండ్ చెప్తాడు, నిజమే, కానీ మొదటిరోజు మీకు కావాల్సింది స్పీడు కాదు, ఆగినప్పుడు కాలు ఆనడం.

షాపులోంచి కదిలేముందు ప్రతి సైకిల్‌కీ చూడాల్సినవి:

- బ్రేకు, అక్కడే రెండుసార్లు తొక్కి ఆపి చూడాలి
- రెండు టైర్లలో గాలి
- ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, రెండూ వెలుగుతున్నాయా
- బెల్లు
- రెండు తాళాలు: వెనక చక్రానికి ఫిక్స్ అయి ఉండే రింగ్ తాళం, విడిగా లావు గొలుసు
- స్టాండు వదులుగా ఉందా
- గీతలు, సొట్టలు ఉంటే వీడియో తీసి పెట్టుకోడం
- షాపు మూసే టైము, ఫోన్ నెంబరు, పంచరైతే ఎవరు చూస్తారు
- దొంగతనం ఇన్సూరెన్స్ ఉందా, ఉంటే అందులో మన వాటా ఎంత

దొంగతనం ఇన్సూరెన్స్ తీస్కోండి. ఇందులో పిసినారితనం వద్దు.

4. మొదటి అరగంట పార్కులోనే

ఇది స్కిప్ చేసినవాళ్ళే తర్వాత మెసేజులు పెడతారు. వోండెల్‌పార్క్‌లో ఒక రౌండ్ వేయండి, కింద చెప్పిన ఆర్డర్‌లోనే.

మొదట కుడివైపు అలవాటు. మనం ఎడమవైపు నడిచే దేశం నుంచి వస్తాం, ఇక్కడ అంతా కుడి. నేరుగా వెళ్తున్నంతసేపూ బానే ఉంటుంది, మలుపు తిరిగిన వెంటనే మెదడు మిమ్మల్ని తెలీకుండానే ఎడమ పక్కకి లాగేస్తుంది. ప్రతి మలుపు తర్వాత గట్టిగా "కుడి" అని అనుకోండి. రోడ్డు దాటేప్పుడు మొదట చూడాల్సింది ఎడమ పక్క.

తర్వాత బయల్దేరడం. కాలి బ్రేకు సైకిలైతే పెడల్ కింద ఉండిపోయినప్పుడు వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోడం కుదరదు. వెనక క్యారియర్ పట్టుకుని చక్రాన్ని కొంచెం లేపి, పాదంతో పెడల్‌ని ముందుకి తిప్పి పైకి తెచ్చుకోవాలి. అలవాటయ్యాక ఇంకో ట్రిక్కు, ఆగేప్పుడే మీ బలమైన కాలి పెడల్ పైన ఉండగా బ్రేకు పట్టడం.

మూడోది ఒంటిచేత్తో తొక్కడం. ఎటు తిరుగుతుంటే ఆ చెయ్యి చాపాలి. చెయ్యి తీస్తే సైకిల్ వంకర్లు పోతుంటే ఇంకా రోడ్డెక్కొద్దు, ఇంకో రౌండ్.

నాలుగోది ఆగడం, నాలుగు స్టెప్పులు:

1. భుజం మీదుగా వెనక్కి ఒక చూపు.
2. చెయ్యి పైకెత్తి, "ఆగుతున్నా" అని అరవడం.
3. మెల్లగా కుడి అంచుకి జరగడం.
4. సైకిల్ దారి దాటి బయటికి వచ్చాకే కాలు కింద పెట్టడం.

నాలుగోదే ముఖ్యం. దారి మధ్యలో కాలు పెట్టారంటే వెనక గంటకి 20 కిలోమీటర్ల స్పీడులో ఆఫీసుకి పోయే ఆవిడ, ముందు బుట్టలో ఇద్దరు పిల్లలతో, నేరుగా మీ మీదకొస్తుంది. మీరు పడితే మీ తప్పే, ఆవిడ పడినా మీ తప్పే. పార్కులో దీన్ని పదిసార్లు చేయించండి, గ్యాంగులో ఎవరు నవ్వినా సరే.

5. రోడ్డు మీద తెలియాల్సిన రూల్స్, తెలిసినంత చాలు

ఎర్రగా వేసిన తారు దారి సైకిళ్ళది. గుండ్రటి నీలం బోర్డు మీద తెల్ల సైకిల్ బొమ్మ ఉంటే అందులోనే తొక్కాలి. డచ్‌లో ఫీట్స్ అంటే సైకిల్, వన్ వే బోర్డు కింద ఆ పదం కనిపిస్తే చాలాసార్లు సైకిళ్ళకి మినహాయింపు ఉందని అర్థం, కెనాల్ పక్క సందుల్లో ఇది ఎక్కువ. నో ఎంట్రీ చూసి గాభరాగా వెనక్కి తిరగక్కర్లేదు.

నేల మీద తెల్ల త్రికోణాలు వరసగా కనిపిస్తాయి, వాటిని అక్కడ సొరచేప పళ్ళు అంటారు. పళ్ళ మొన మీవైపు చూస్తుంటే మీరు ఆగి దారి ఇవ్వాలి. అవతలివాళ్ళవైపు ఉంటే వాళ్ళు ఇవ్వాలి. పళ్ళూ లేవు, సిగ్నలూ లేదంటే కుడివైపు నుంచి వచ్చేవాళ్ళది ఫస్ట్, అది కారైనా సైకిలైనా. గుర్తు పెట్టుకోడానికి మా ఫార్ములా: పళ్ళు, తర్వాత కుడి.

ట్రామ్‌తో మాత్రం వాదం లేదు. గంట వినపడితే దారి ఇచ్చేయడమే, అది పక్కకి తప్పుకోలేదు. పట్టాల్ని అడ్డంగా, వీలైనంత నిలువు కోణంలో దాటాలి. పట్టాలకి పక్కగా తొక్కుతూ మెల్లగా జారి దాటుదామనుకుంటే చక్రం ఆ గాడిలో దిగిపోతుంది, ఇక అంతే. వానలో పట్టాలు సబ్బు పూసినట్టుంటాయి, డౌటుంటే దిగి నడవండి.

సైకిళ్ళకి విడిగా చిన్న సిగ్నల్ ఉంటుంది, స్తంభానికి బటన్ ఉంటే నొక్కాలి, నొక్కకుండా నిలబడితే కొన్నిచోట్ల పచ్చ లైటు పడదు. పెద్ద జంక్షన్‌లో ఎడమకి తిరగాలంటే కార్ల మధ్యకి పోవద్దు. నేరుగా దాటి, అవతలి మూల ఆగి, అక్కడి సిగ్నల్‌తో మళ్ళీ దాటండి.

ఫోన్ చేత్తో పట్టుకుని తొక్కడం 2019 జులై నుంచి నేరం, ఫైను వంద యూరోలకి పైనే. తాగి తొక్కడం కూడా నేరమే. చీకట్లో లైటు లేకపోయినా ఫైనే. ఇద్దరు పక్కపక్కన తొక్కొచ్చు, ముగ్గురు కుదరదు, ఇద్దరైనా వెనక బెల్లు వినపడగానే ఒకళ్ళు వెనక్కి తగ్గాలి.

బెల్లు గురించి ఒక చిన్న మాట. మన హారన్ లాగా ఊరికే కొట్టేది కాదది, అలాగని తిట్టూ కాదు. "పక్కనుంచి వస్తున్నా" అని చెప్పడం. ఎవరైనా కొడితే ఉలిక్కిపడి ఎడమకి తిరగకండి, అదే లైనులో కదలకుండా వెళ్ళండి, వాళ్ళే దాటుకుంటారు.

6. గ్రూపుని నడిపే పద్ధతి

ముందు ఒకరు, చివర ఒకరు, ఈ ఇద్దరూ ఫిక్స్. ముందున్నవాళ్ళకి దారి తెలియాలి, చివరున్నవాళ్ళకి ఓపికుండాలి. బాగా స్పీడుగా తొక్కేవాణ్ణి ముందు పెట్టడం మనం చేసే తప్పు, వాణ్ణి చివర పెట్టండి, బలహీనంగా తొక్కేవాళ్ళని ముందువాళ్ళ వెనకే, రెండో నెంబర్‌లో. అప్పుడు గ్రూపు స్పీడు దానంతటదే సెట్ అవుతుంది.

సిగ్నల్ పడి గ్రూపు రెండు ముక్కలైతే వెనకవాళ్ళు ఎర్ర లైటు దాటి పరుగెత్తకూడదు. ముందువాళ్ళు జంక్షన్ దాటిన వెంటనే కూడా ఆగకూడదు, అక్కడ ఆగితే వెనకొచ్చే ఊళ్ళోవాళ్ళంతా మీ చుట్టూ గుమిగూడి తిట్టుకుంటారు. తర్వాతి వంతెన దగ్గరో, ఫుట్‌పాత్ వెడల్పుగా ఉన్నచోటో దారి దిగి ఆగాలి. ఈ మాట పొద్దున్నే అనుకుని ఉంటే వెనకోళ్ళకి టెన్షనుండదు, "ముందుకెళ్తే దొరుకుతారు" అని తెలుసు కదా.

- అందరి ఫోన్లలో లైవ్ లొకేషన్ ఆన్
- పది నిమిషాలు దాటి కలవకపోతే ఎక్కడ కలవాలో ముందే ఒక చోటు అనుకోవడం
- ముందువాళ్ళు మ్యాప్ వింటే ఒక చెవికే ఇయర్‌ఫోన్
- "ట్రామ్", "కుడి", "ఆగుతున్నా", ఈ మూడు కేకలు వరసగా వెనక్కి పాస్ చేయడం

తెలుగులో అరవడంలో ఒక సుఖముంది, ఆ గోలలో కూడా మన మాట చెవిలో ఠక్కున పడుతుంది.

ఫోటోల పిచ్చి ఉన్నోళ్ళు ప్రతి గ్రూపులో ఒకరుంటారు. వాళ్ళని నిందించి లాభం లేదు, ఊరు అలా ఉంటుంది మరి. ఫోటో స్టాపులు ముందే నాలుగు పెట్టేయండి, మధ్యలో అడిగితే "తర్వాత స్టాప్" అనండి. వంతెన నడుమ ఎప్పుడూ ఆగొద్దు, వంతెన దిగాక నీళ్ళవైపు ఆగండి.

7. రూటు

మొదటిరోజు ఊళ్ళోనే, మొత్తం 12 నుంచి 15 కిలోమీటర్లు ఉంటుంది, ఆగుతూ ఆగుతూ పోతే పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా హాయిగా సరిపోతుంది. వీలైతే ఆదివారం పొద్దున మొదలెట్టండి, డెలివరీ వ్యాన్లుండవు, ఆఫీసు జనం ఉండరు.

వోండెల్‌పార్క్ నుంచి మ్యూజియం స్క్వేర్‌కి రండి. రైక్స్ మ్యూజియం బిల్డింగ్ కిందనుంచే సైకిల్ దారి పోతుంది, మ్యూజియం మధ్యలోంచి సైకిల్ తొక్కడమన్నమాట. లోపల ఎవరో ఒకరు వయొలినో అకార్డియనో వాయిస్తుంటారు, ఆగాలనిపిస్తుంది, ఆగకండి, బయటికొచ్చి సైకిల్ పెట్టి నడిచి వెనక్కి వెళ్ళి వినండి.

అక్కణ్ణుంచి స్పీగల్‌గ్రాక్ట్ (గ్రాక్ట్ అంటే కెనాల్) మీదుగా ప్రిన్సెన్‌గ్రాక్ట్, కుడికి తిరిగితే రెగులియర్స్‌గ్రాక్ట్. అది హేరెన్‌గ్రాక్ట్‌ని కలిసే మూల నుంచి ఒకదాని వెనక ఒకటి ఏడు వంతెనలు కనిపిస్తాయి, ఫోటో స్టాప్ నెంబర్ వన్. తర్వాత కైజర్స్‌గ్రాక్ట్ పట్టుకుని పడమరకి. మధ్యలో లైడ్‌సెస్ట్రాట్ అనే ట్రామ్ వీధి వస్తుంది, దాన్ని అడ్డంగా దాటొచ్చు, దాని మీద తొక్కకూడదు. కాల్వర్‌స్ట్రాట్, న్యూవెన్‌డైక్ షాపింగ్ వీధులు కూడా నడిచేవాళ్ళకే.

యోర్డాన్ పేటలో సైకిళ్ళు తాళమేసి నడవండి, ఆ సందులు తొక్కడానికి కంటే నడవడానికే బావుంటాయి. ఆ తర్వాత హార్లెమ్మర్‌స్ట్రాట్ మీదుగా సెంట్రల్ స్టేషన్ పడమటి వైపుకి వస్తే కౌపర్స్ పాసేజ్ అనే సొరంగం ఉంటుంది, స్టేషన్ కిందనుంచి అవతలికి. ఒకవైపు సైకిళ్ళు, ఇంకోవైపు నడిచేవాళ్ళు, గోడంతా నీలం తెలుపు టైల్స్‌తో ఓడల బొమ్మ.

సొరంగం బయట ఫెర్రీలు, పూర్తిగా ఫ్రీ, టికెట్ లేదు, సైకిల్‌తో సహా ఎక్కేయడమే. ఎన్‌డీఎస్ఎమ్ బోర్డున్నది ఎక్కండి, పావుగంట ప్రయాణం, పాత ఓడల యార్డు, గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు. ఫెర్రీలో సైకిల్ దిగి, దాన్ని పట్టుకునే నిలబడండి, స్టాండు వేసి ఫోటోలకి పోతే పడవ ఒడ్డుకి తగిలే కుదుపుకి వరసగా పది సైకిళ్ళు పడతాయి, మీదే మొదటిది. అక్కణ్ణుంచి ఉత్తరపు ఒడ్డు మీద మెల్లగా బౌక్‌స్లోటర్‌వెహ్ దాకా తొక్కి, అక్కడ ఐదు నిమిషాల ఫెర్రీలో వెనక్కి.

రెండోరోజు కాళ్ళు ఒప్పుకుంటే ఊరి బయటికి. నా ఓటు ఊరికి ఉత్తరాన ఉన్న పల్లెటూళ్ళ ప్రాంతం వాటర్‌లాండ్‌కే. బౌక్‌స్లోటర్‌వెహ్ ఫెర్రీ దిగి తూర్పుకి న్యూవెన్‌డామర్‌డైక్, పాత చెక్క ఇళ్ళ మధ్య సన్నటి కట్ట, తర్వాత స్కెల్లింగ్‌వౌడె, తర్వాత డుర్గర్‌డామ్, ఒకపక్క నీళ్ళు ఒకపక్క ఒకే వరసలో ఇళ్ళు. తిరిగి వచ్చేప్పుడు రాన్స్‌డార్ప్ మీదుగా, పైభాగం లేని మొండి చర్చి టవర్ దూరం నుంచే దారి చూపిస్తుంది.  ఇక్కడ పచ్చ అంకెల బోర్డులుంటాయి, ప్రతి కూడలికీ ఒక నెంబరు, నెంబర్ల వరస కాగితం మీద రాసుకుంటే ఫోన్ తీయక్కర్లేదు.

కొండలు లేవని సంబరపడొద్దు, గాలుంది. ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. కట్టల మీద ఎదురుగాలి అంటే మన ఘాట్ రోడ్డుతో సమానం. బయల్దేరేముందు గాలి ఎటో చూసి, పోయేప్పుడే ఎదురుగాలి ఉండేలా రూటు తిప్పుకోండి, అలిసిపోయి వచ్చేప్పుడు గాలే తోస్తుంది. వానకి బౌయెన్‌రాడర్ అనే డచ్ యాప్ ఉంది, ఇంకో గంటలో ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు ఆగుతుందో చూపిస్తుంది.

అంత దూరం వద్దంటే ఆమ్‌స్టర్‌డామ్సె బోస్ అడవి, దాదాపు వెయ్యి హెక్టార్లు, కార్ల గొడవ లేదు, భయపడేవాళ్ళున్న గ్రూపుకి అదే బెస్ట్.

తిండి: కట్ట మీది ఊళ్ళలో షాపులు తక్కువ, పొద్దున్నే పులిహోర కట్టుకుపోయిన గ్రూపే గెలిచిన గ్రూపు. ఊళ్ళో అయితే సురినామీ రోటీ షాపులు వెతకండి, దక్షిణ అమెరికాలోని సురినామ్‌కి వెళ్ళిన, భోజ్‌పురి మాట్లాడే మనదేశపు కూలీల వారసుల వంట అది, వెజ్ దొరుకుతుంది, కారం కూడా తగులుతుంది. టాయిలెట్లు మాత్రం నిజంగా సమస్యే, ముఖ్యంగా ఆడవాళ్ళకి, రోడ్డు పక్కన కనిపించే పచ్చ ఇనుప గూళ్ళు మగాళ్ళవే. మ్యూజియం, లైబ్రరీ, కేఫ్, ఎక్కడ ఆగినా అవసరం లేకపోయినా వెళ్ళి రండి.

8. తాళం, పార్కింగ్

రెండు తాళాలూ, ప్రతిసారీ, కాఫీకి రెండు నిమిషాలైనా సరే. రింగ్ తాళం వెనక చక్రానికి, గొలుసు ఫ్రేమునీ ముందు చక్రాన్నీ కలిపి కదలని ఇనుప స్టాండుకి. ఇద్దరి సైకిళ్ళు కలిపి కట్టినా ఏదో ఒక కదలని దానికి కట్టాలి, లేకపోతే రెండూ కలిపి ఎత్తుకెళ్తారు.

రిబ్బన్ ఇక్కడ పనికొస్తుంది. ఒకే రంగు, ఒకే మోడల్ అద్దె సైకిళ్ళు వందల్లో ఉంటాయి. మేము ఒకసారి ముప్పావుగంట వేరేవాళ్ళ సైకిల్‌కి మా తాళంచెవి పెట్టి తిప్పుతూ కూర్చున్నాం, తాళం పాడైందనుకుని. సీటు కింద రిబ్బన్ కట్టండి, పెట్టిన చోటు మ్యాప్‌లో పిన్ చేయండి.

కిటికీల మీద ఫీట్సెన్ అన్న మాటతో చిన్న బోర్డుంటే ఇక్కడ పెట్టొద్దనే. నడిచే దారికి అడ్డంగా, వికలాంగుల రాంపు మీద పెట్టినా మున్సిపాలిటీ వాళ్ళు ఎత్తుకెళ్ళి ఊరి పడమటి చివరున్న డిపోలో పెడతారు, డబ్బు కట్టి తెచ్చుకోవాలి. స్టేషన్ దగ్గరైతే ఏం ఆలోచించకండి, స్టేషన్ ముందు నీళ్ళ కింద 2023లో తెరిచిన 7,000 సైకిళ్ళ గ్యారేజీ ఉంది, మొదటి 24 గంటలు ఫ్రీ.

9. ఎక్కువమంది చేసే తప్పులు, వాటికి విరుగుడు

- నడిచేవాళ్ళు సైకిల్ దారిలోకొచ్చి నిలబడితే వాళ్ళని తప్పించాలని కారు రోడ్డులోకి తిరగడం. విరుగుడు: బ్రేకు వేయండి, బెల్లు కొట్టండి, లైను మారొద్దు.
- వెనకవాళ్ళు వస్తున్నారా అని ముందున్నవాళ్ళు మాటిమాటికీ వెనక్కి తిరగడం. చూడాల్సింది చివరివాళ్ళు. ఎవరైనా ఆగిపోతే ఆ చివరివాళ్ళే ఫోన్ చేస్తారు.
- మ్యాప్ చెప్పిన మలుపు దాటిపోయిందని అక్కడికక్కడే యూ టర్న్ కొట్టడం. పోనీండి, తర్వాతి సందులో తిరగండి, ఊరంతా వలలాగే ఉంటుంది.
- ఎర్ర దారిలో ఎదురు దిశలో పోవడం, "కొంచెం దూరమే కదా" అని. దిగి ఫుట్‌పాత్ మీద నడిపించుకుంటూ వెళ్ళండి.
- ఆగివున్న కార్లకి మరీ దగ్గరగా తొక్కడం. డోరు తెరుస్తారు. ఒక డోరంత దూరం ఉంచండి.
- రోడ్డు మీద ఎవరో 30 యూరోలకి సైకిల్ అమ్ముతానంటే కొనేయడం. అది దొంగ సైకిలే, కొన్నా నేరమే.
- మొదటిరోజే 40 కిలోమీటర్ల ప్లాను. రెండోరోజు ఎవరూ కూర్చోలేరు.

10. పడితే, పంచరైతే, పోతే

ఎవరైనా పడితే మొదట సైకిల్‌నీ మనిషినీ దారి బయటికి లాగండి, మిగతావాళ్ళు గుంపుగా చుట్టూ నిలబడకండి, వెనకొచ్చేవాళ్ళు మీకు గుద్దుకుంటారు. తల దెబ్బైనా, కాలు కదపలేకపోయినా 112. ప్రాణాపాయం లేని పోలీసు పనికి 0900-8844.

పంచరైతే తొక్కకుండా నడిపించండి, రిమ్ము వంగితే ఆ డబ్బు మీదే. షాపుకి ఫోన్ చేస్తే కొందరు వచ్చి మారుస్తారు, కొందరు దగ్గరి రిపేర్ షాపు చెప్తారు.

సైకిల్ కనపడకపోతే ముందు రిబ్బన్ కోసం ఆ వరసంతా ఇంకోసారి చూడండి, తర్వాత అక్కడ పార్కింగ్ నిషేధం బోర్డుందేమో చూడండి, ఆ తర్వాతే దొంగతనం. తాళంచెవి జాగ్రత్త, చాలా షాపుల్లో ఇన్సూరెన్స్ రావాలంటే తాళంచెవి, పోలీస్ రిపోర్టు రెండూ అడుగుతారు.

11. తిరిగి ఇచ్చేప్పుడు

షాపులు చాలావరకు సాయంత్రం ఐదారు గంటలకే మూసేస్తారు, జూన్‌లో వెలుగు చూసి ఇంకా టైముందనుకుంటే ఇంకోరోజు అద్దె పడుతుంది. మూసే టైముకి గంట ముందే గ్రూపుని షాపువైపు తిప్పండి, ఎవరో ఒకరు "ఇంకొక్క ఫోటో" అంటారు, ఆ గంట దానికే.

- రిబ్బన్లు విప్పడం, ఫోన్ హోల్డర్ తీయడం
- రెండు తాళాలు, అన్ని తాళంచెవులు లెక్కపెట్టి ఇవ్వడం
- అద్దెకి తీస్కున్నప్పటి వీడియో చేతిలో రెడీగా ఉంచుకోవడం
- డిపాజిట్ కార్డుకి వెనక్కి పంపినట్టు రసీదు తీస్కోవడం

ఇక్కణ్ణుంచి హోటల్‌కి ట్రామ్ ఎక్కండి. ఎక్కేముందు ఆ ఎర్ర దారి దాటాలిగా, ఎడమ పక్క చూసి దాటండి, ఇప్పుడు నడిచేవాళ్ళు మీరే.